తెలుగు నవలలో కళాశాల

నన్నయభట్టారకుని ఆదిపర్వంలో ఇద్దరు శిష్యుల కథలు ఉన్నవి. మొదటివాడు ఉదంకుడు. పైలుని వద్ద విద్య ముగించి, గురుపత్ని కోరిన కుండలాలు తేవడానికి బయలుదేరినాడు. పౌష్యుని దేవి వద్ద వాటిని సంపాదించి తిరిగి వస్తూ, దారిలో తక్షకుని చేత మోసపోయి, నాగలోకం దాకా పోయి, నాగులను స్తుతించి, చివరకు పని సాధించుకొన్నాడు. గురుదక్షిణ చెల్లినది గాని ఆ అనుభవం అతనిని వదలలేదు. జనమేజయుని వద్దకు పోయి సర్పయాగానికి పురికొల్పినాడు. రెండవవాడు కచుడు. దేవతలు తమ అవసరం తీర్చుకొనడానికి అతనిని శుక్రాచార్యుని వద్దకు పంపినారు. ఏ విద్య నేర్వవలెనో, ఎవరి కొరకు నేర్వవలెనో అతడు గడప దాటకముందే నిర్ణయమైపోయినది. మధ్యలో దేవయాని ప్రేమ ఎదురయినది. విద్య దక్కినది; దానితోపాటు ఆ విద్య తనకు పనిచేయదనే శాపం కూడ దక్కినది.

విద్యార్థి జీవితం మనిషిని రెండు విధాల తీర్చుతుంది. చదువుకొనే చోట కలిగిన అనుభవం నుంచి లక్ష్యం పుట్టడం ఉదంకుని మార్గం. లక్ష్యం ముందే పుట్టి, చదువుకొనే చోట కలిగిన అనుభవంతో ఘర్షణ పడడం కచుని మార్గం. దాదాపు వేయి ఏండ్ల క్రిందటి కవికి ఈ రెండూ కథకు తగిన వస్తువులుగా కనిపించినవి. ఈ శతాబ్దికి, గత శతాబ్దికి చెందిన తెలుగు నవలలో నాయకులు చాలవరకు కాలేజీలో చదివినవారే. పట్టభద్రుడు కాని కథానాయకుడు ఒక దశలో అరుదైపోయినాడు. అటువంటప్పుడు ఆ నవల విద్యార్థి జీవితాన్ని ఎట్లా చూచినది, ఎంతవరకు చూచినది అనే ప్రశ్న సహజంగానే పుడుతుంది. దీనికి సమాధానం వెదకవలెనంటే ముందు కళాశాల తెలుగు రచయితలకు ఏమి చేసినదో చూడవలసి ఉన్నది.

ఆధునికాంధ్ర సాహిత్యానికి కళాశాల పుట్టిల్లు అంటే అతిశయోక్తి కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థి. అక్కడి ఆంధ్ర భాషాభిరంజని సంఘం పెట్టిన కావ్యరచన పోటీకి ‘ముసలమ్మ మరణము’ వ్రాసి బహుమతి పొందినారు. చెరువు కట్ట తెగి ఊరు మునిగిపోయే వేళ తన ప్రాణాన్ని బలి ఇచ్చిన ఒక కోడలి కథ అది. కొత్త కవిత్వపు తొలి అడుగులను లెక్కించేవారు ఈ విద్యార్థి రచనను విడిచి ముందుకు పోలేరు. ఆ విద్యార్థే 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలరు అయినారు.

గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తిగారు విజయనగరంలో మహారాజావారి విద్యాలయంలో సహపాఠులు. అప్పారావుగారు అక్కడే పట్టం పొంది అక్కడే అధ్యాపకులయినారు. బల్లల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల స్నేహం తరువాతి కాలంలో తెలుగు వచనం రూపాన్నే మార్చివేసిన ఉద్యమానికి ఆధారమయినది. ఆ ఉద్యమంలో వారితో చేయి కలిపిన మరి ఇద్దరు కూడ విద్యారంగానికి చెందినవారే. ఒకరు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, మరొకరు పాఠశాలల పర్యవేక్షణాధికారి యేట్సు దొర.

కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, గుడిపాటి వెంకటచలంగారు ఆ కళాశాల విద్యార్థులు. ఇద్దరికీ బ్రహ్మసమాజపు గాలి అక్కడనే సోకినది. ఒకరు ఆ గాలిని పాటగా మార్చుకొన్నారు. మరొకరు ఆ సమాజాన్ని దాటిపోయి, పెండ్లి అనే వ్యవస్థనే ప్రశ్నించినారు. రాజమహేంద్రవరం ఆర్ట్సు కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావుగార్లు ఆయన శిష్యులయినారు. దామెర్ల రామారావులోని చిత్రకారుని గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాల దారి చూపినవాడు కూడ ఆయనే. ఇక హైదరాబాదులో, 1918లో వెలసిన రెడ్డి హాస్టలు తెలంగాణలోని గ్రామాల నుంచి చదువుకు వచ్చిన పిల్లలకు నీడ ఇచ్చినది. ఆ వసతిగృహం బాధ్యత వహించిన సురవరం ప్రతాపరెడ్డిగారే గోలకొండ పత్రికను నడిపినారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’ 1955లో తెలుగుకు సాహిత్య అకాడమీ తొలి బహుమానం తెచ్చినది.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక సామాన్యలక్షణం ఉన్నది. రామలింగారెడ్డిగారికి దారి చూపినది విద్యార్థుల సంఘం పెట్టిన పోటీ. గురజాడ, గిడుగులకు బలమయినది సహపాఠి స్నేహం. కృష్ణశాస్త్రిగారిని, చలంగారిని కదిలించినది ఒక గురువు వ్యక్తిత్వం. బాపిరాజుగారికి లభించినది అధ్యాపకుని సాహచర్యం. ప్రతాపరెడ్డిగారి చుట్టూ చేరిన పిల్లలకు అండ అయినది ఒక హాస్టలు. వీటిలో ఏదీ పాఠ్యప్రణాళికలో ఉండదు. ఏదీ పట్టా మీద అచ్చు పడదు. కళాశాల మనిషిని తీర్చే పని గంటకు గంటకు నడుమ, గదికి గదికి నడుమ, చదువుకూ ఆకలికీ నడుమ జరుగుతుంది. నవలకు కావలసిన క్షేత్రం ఇదే. మనిషి క్రమంగా మారడాన్ని చూపగలిగిన ప్రక్రియ నవల ఒక్కటే గనుక, ఈ మార్పును ఇతర ప్రక్రియల కంటె అదే బాగా చిత్రించగలదు.

అయితే తెలుగు నవల చేసినది మరొకటి. నాటకం విషయం కొంత మెరుగు. ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెరిగిన రూపంలో మళ్ళీ వెలువడినది. అందులో వెంకటేశం కాలేజీ గడప ఎక్కినవాడు కాడు, బడిపిల్లవాడే. అయినా ఇంగ్లీషు చదువు ఒక కుటుంబంలో ఏమి చేస్తుందో గురజాడవారు అతని చుట్టూ చూపినారు. తల్లికి కొడుకు గొప్పవాడు కావలెను. తండ్రి అగ్నిహోత్రావధానులకు ఆ చదువు అయ్యే ఖర్చు, కోర్టు వ్యవహారాలకు అది పనికివచ్చే తీరు, ఇవే లెక్క. పిల్లవానికి మాత్రం చదువు అంటే గిరీశం. ఇంటివారు పెట్టిన లక్ష్యానికీ, పిల్లవానికి దొరికిన గురువుకూ నడుమ ఉన్న దూరంలోనే ఆ నాటకపు నవ్వు పుట్టినది. ఆ దూరాన్ని కనిపెట్టినవాడు అదే పట్టణంలో చదివి అక్కడే పాఠం చెప్పినవాడు కావడం యాదృచ్ఛికం కాదు.

నవలకు వచ్చేసరికి ఈ దూరం మాయమవుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ చదువు కొరకు బయలుదేరిన మొగల్తూరు కుర్రవాని కథ. ఆ నవల పాఠకుల మనస్సులో నిలిచినది రైలు, ఓడ, టోపీ, కొత్త తిండి ఇచ్చిన హాస్యం వల్ల. చదువుకు పోయే దారి ఎంత రంజకంగా వచ్చినదో, చదువు అంత రంజకంగా రాలేదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన పోటీలో బహుమతిని పంచుకొన్న రెండు నవలలు ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’. రెండవ నవల రైలులో ప్రయాణం చేస్తున్న యువకమిత్రులతో మొదలవుతుంది. ఆ రైలులోనే ఒక జమీందారు నారాయణరావును చూచి, మెచ్చి, అల్లునిగా చేసుకోవాలనుకొంటాడు. అందం, విద్య, సంగీతం, దేశభక్తి, స్నేహశీలం అన్నీ అతనిలో అప్పటికే ఉన్నవి. పాఠకునికి అతడు విరిసిన పువ్వుగానే ఎదురవుతాడు. మొగ్గ విరిసిన క్రమం కంటికి కనిపించదు. నవల బరువంతా ఆ పైన జరిగే పెండ్లి మీద, దాంపత్యం మీద మోపినారు. కూల్డ్రే వంటి గురువు వద్ద మెలగిన రచయిత తన నాయకునికి అటువంటి గురువును కథకు కేంద్రంగా ఇవ్వకపోవడం ఆలోచించదగిన సంగతి.

విశ్వనాథ సత్యనారాయణగారి సంగతి వేరు. ఆయన దశాబ్దాల తరబడి కళాశాలలలో అధ్యాపకులు. గుంటూరులో, విజయవాడలో పాఠం చెప్పినారు. 1959లో కరీంనగరం కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. విద్యను గూర్చి ‘వేయిపడగలు’లో ఉన్నంత చర్చ తెలుగులో మరి ఏ నవలలోనూ కనబడదు. అయినా ఆ చర్చలో కళాశాల ఒక వాదానికి విషయం. ఇంగ్లీషు చదువు జాతిని ఎట్లా నిర్వీర్యం చేసినదో ధర్మారావు ద్వారా రచయిత నిరూపిస్తారు. ఆ చదువులో కూర్చున్న ఒక పల్లెటూరి పిల్లవాడు ఆ ఏడాది ఏమి పోగొట్టుకొన్నాడో, ఏమి సంపాదించుకొన్నాడో అనే లెక్క ఆ వాదపు ఉద్ధృతిలో కొట్టుకొనిపోయినది. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’లో దయానిధి వైద్యవిద్యార్థి. అతని మనస్సు లోతుపాతులను అంత నిశితంగా తోడిన నవల మరొకటి లేదని అనడానికి సంకోచించనక్కర లేదు. కాని అతని మనస్సును వేధించేది తల్లి మీద పడిన నింద, ప్రేమించలేని అశక్తత. శవపరీక్షశాలలో, ఆసుపత్రి వార్డులో వైద్యవిద్యార్థికి మృత్యువుతో కలిగే తొలి పరిచయం అతని అంతరంగంలో ప్రధానస్థానం పొందలేదు. వైద్యవిద్య అతనికి వృత్తిని ఇచ్చినది. దృష్టిని ఇచ్చినట్లు నవల చూపలేదు.

ఈ లోపానికి కారణాలు రచయితల శక్తిలో వెదకడం న్యాయం కాదు. పైన చెప్పిన వారంతా మహాశక్తిమంతులు. కారణాలు మూడు ఉన్నవి.

మొదటిది, తెలుగు నవల పెండ్లి చుట్టూ పెరిగినది. వితంతు వివాహం, కన్యాశుల్కం, వరకట్నం, కులాంతర ప్రేమ అనే సమస్యలు సంఘసంస్కరణ నుంచి నవలకు సంక్రమించినవి. ఈ కథలలో చదువు పెండ్లికి ముందు జరిగే సంగతి. ఫస్టుక్లాసు వచ్చిందన్న తంతి, పట్టా పొందిన వార్త కథను ముందుకు నెట్టే మీటలు మాత్రమే. అల్లుని వెలను నిర్ణయించే అంకెగా పట్టా సంఘంలో ఏ పని చేసినదో, నవలలో కూడ దాదాపు అదే పని చేసినది.

రెండవది, ఇంగ్లీషు చదువు మంచిదా చెడ్డదా అనే తీర్పు కొరకు రచయితలు ఆత్రపడినారు. జాతీయోద్యమ కాలంలో ఆ ఆత్రం సహజం. 1921 ప్రాంతంలో సహాయనిరాకరణంలో విద్యార్థులు కళాశాలలు విడిచి వచ్చినప్పుడు, విడవడం ఒక నిర్ణయం. విడవకపోవడం కూడ ఒక నిర్ణయం. రెంటికీ సమర్థన కావలసి వచ్చినది. సమర్థన అవసరమయిన చోట అనుభవం వెనుకకు జరుగుతుంది.

మూడవది భాష. దీనిని విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదు. కాలేజీలో పాఠం ఇంగ్లీషులో నడిచినది. హైదరాబాదు రాజ్యంలో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో నడిచినది. హాస్టలు గదులలో మాట తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, తమిళం కలిసిన ఒక విచిత్రమైన మాట. గురజాడవారు గిరీశం నోట ఆ కలగాపులగపు భాషను ధైర్యంగా పలికించినారు. తరువాతి నవలాకారులు చాలమంది విద్యార్థుల సంభాషణను పుస్తకాల తెలుగులోకి తిప్పి వ్రాసినారు. తిప్పిన చోట మాట శుద్ధమయినది. అయితే ఆ మాట వెనుక ఉన్న కుర్రవాడు మాయమయినాడు. ఇంగ్లీషు మాట తడబడినందుకు తరగతిలో సిగ్గుపడిన పిల్లవాని బాధ, ఇంటికి పోయి తల్లితో మాట్లాడేటప్పుడు నాలుక మీదికి వచ్చిన ఇంగ్లీషు మాటను మింగివేసిన పిల్లవాని బాధ, ఈ రెండూ భాషలోనే ఉన్నవి. ఆ భాషను సరిచేసిన రచయిత ఆ బాధను కూడ సరిచేసినాడు.

ఈ సాధారణ స్థితికి మినహాయింపులు ఉన్నవి. వాటిలో ముఖ్యమయినది కొడవటిగంటి కుటుంబరావుగారి ‘చదువు’. సుందరం అక్షరాభ్యాసంతో మొదలయిన ఆ నవల, మొదటి ప్రపంచయుద్ధకాలం నుంచి 1930ల ఆర్థికమాంద్యం దాకా అతని చదువును వెంబడిస్తుంది. కుటుంబరావుగారు స్వయంగా కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎం.ఎస్‌సి. చదువుతూ, ఆ మాంద్యం దెబ్బకు పూర్తిచేయకుండానే ఇల్లు చేరినవారు. ఆయనకు చదువు దేవతా కాదు, దయ్యమూ కాదు. అది డబ్బుతో కొనవలసిన వస్తువు. కొన్నవాడు దానిని ఎట్లా అమ్ముకోవలెనో తెలియక నిలబడిపోయిన వస్తువు. ఇంటివారు ఉద్యోగం కొరకు చదివించినారు. చదువు ముగిసే వేళకు ఉద్యోగం లేదు. కచునికి తగిలిన శాపం ఇదే: కష్టపడి నేర్చిన విద్య నేర్చినవానికి పనిచేయదు. రచయిత నీతి చెప్పలేదు, కన్నీరు పెట్టించలేదు. బడి, పుస్తకం, స్నేహితుడు, సినిమా, ధరలు, పెండ్లి ఒకదానినొకటి త్రోసుకొంటూ ఒక మామూలు మనిషిని ఎట్లా తయారు చేస్తవో చూపినారు. సుందరానికి ఆవేశం తక్కువ, నాయకలక్షణాలు తక్కువ అని కొందరికి అనిపించవచ్చును. ఆ మామూలుతనమే నవల బలం. కాలేజీకి పోయినవారిలో నూటికి తొంభైమంది నారాయణరావులు కారు, సుందరాలు.

రెండవ మినహాయింపు డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’. 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన ఈ నవల విశాఖపట్నంలో చదువుకొనడానికి వచ్చినవారి అద్దె గదుల చుట్టూ తిరుగుతుంది. రచయిత్రి వైద్యురాలు, 1961లో చిన్నవయస్సులోనే మరణించినారు. మెడికల్ కాలేజీలో చదివే ప్రకాశం, తండ్రిని కోల్పోయి చదువు సాగడమే కష్టమయిన కల్యాణి, ఇంటి భారం మోస్తూ ఉద్యోగం చేసే ఇందిర ఒకే కప్పు క్రింద ఎదురుపడుతారు. ప్రకాశానికి చదువు ఉన్నది గాని పెద్దల మాటకు ఎదురు చెప్పే వెన్నెముక లేదు. శరీరశాస్త్రం నేర్చిన ఆ తెలివి తన జీవితం దగ్గరకు వచ్చేసరికి మూగపోతుంది. ఇందిరకు ఆ చదువు లేదు. తనకు ఏమి కావలెనో చెప్పగల తెగువ ఉన్నది. కాలేజీలో ఉన్నవానిని కాలేజీ వెలుపల ఉన్నదానితో కొలిచి, చదువు ఇచ్చినదెంత, ఇవ్వలేనిదెంత అని తూచిన నవల ఇది. చదువుకొన్నవానికి వ్యక్తిత్వం దానంతట అదే వస్తుందనే నమ్మకాన్ని ఇంత నెమ్మదిగా, ఇంత గట్టిగా ప్రశ్నించిన రచనలు తెలుగులో ఎక్కువ లేవు. చదువును స్త్రీ ప్రక్కన నిలబడి చూచినందువల్లనే ఈ కొలత సాధ్యమయినదని గుర్తించవలెను.

ఈ రెండు నవలలూ తీరాంధ్రకు చెందినవి. తెలంగాణలో విద్యార్థి అనుభవం ఇంతకంటె తీవ్రమయినది. 1938 చివర ఉస్మానియా హాస్టళ్ళలో విద్యార్థులు వందేమాతరం పాడడం, దానిని నిషేధించడం, సమ్మె, బహిష్కారం వరుసగా జరిగినవి. వందలాది విద్యార్థులు చదువు మధ్యలో రాజ్యం విడిచి పోవలసి వచ్చినది; వారిలో చాలమందికి నాగపూరు విశ్వవిద్యాలయం తలుపు తెరిచినది. వరంగల్లులో చదువుతూ ఆ పోరాటంలో పాల్గొని బయటపడిన పి.వి. నరసింహారావుగారు తరువాత దేశప్రధాని అయినారు. ఒక పాట పాడినందుకు ఊరూ, భాషా, భవిష్యత్తూ మారిపోయిన ఈ యువకులు అచ్చంగా ఉదంకుని సంతతి. చదువుకొనే చోట పొందిన దెబ్బే వారి జీవితలక్ష్యమయినది. ఆ ఘటన స్మృతులలో, చరిత్రగ్రంథాలలో నిలిచినంత గాఢంగా నవలలో నిలువలేదు. అట్లే, ఉర్దూ మాధ్యమంలో చదువుకొంటూ, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో తెలుగు గ్రంథాలు చదివి, తెలుగు కవి అయిన సి. నారాయణరెడ్డిగారి వంటివారి రెండు భాషల యౌవనం కూడ నవలాకారుని కొరకు ఎదురుచూస్తూనే ఉన్నది.

నవల వదలిన చోటును స్వీయచరిత్ర ఆక్రమించినది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోయినప్పుడు స్త్రీలకు వసతిగృహం లేదనే అడ్డంకి వచ్చినది. చదువుకొనదలచిన ఇతర స్త్రీలను పత్రికా ప్రకటన ద్వారా కూడగట్టి, వసతి ఏర్పాటు తామే చేసుకొని ఆమె ఆ అడ్డంకిని తొలగించుకొన్నారు. తరువాతి కాలంలో ఆంధ్ర మహిళాసభ వంటి సంస్థలను నిర్మించిన చేయి అక్కడనే సాధన చేసినదని ఆ కథ చదివినవారికి తోచకపోదు. ఆమె ఆ జీవితాన్ని చెప్పుకొన్న పుస్తకం ‘చింతామన్ అండ్ ఐ’ ఇంగ్లీషులో వచ్చినది. రైల్వేలో చిన్న కొలువు చేసిన దళిత కుటుంబం మూడు తరాలలో చదువును పట్టుకొని ఎట్లా పైకి వచ్చినదో వై.బి. సత్యనారాయణగారు వ్రాసినారు, ‘మై ఫాదర్ బాలయ్య’ 2011లో ముందు ఇంగ్లీషులో వెలువడి, ఆ తరువాత ‘మా నాయన బాలయ్య’గా తెలుగుకు వచ్చినది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకొన్న పరిశోధక విద్యార్థి వేముల రోహిత్, కార్ల్ సాగన్ వలె విజ్ఞానశాస్త్ర రచయిత కావలెనని తాను కోరుకొన్నట్లు చివరి ఉత్తరంలో వ్రాసినాడు. ఆ ఉత్తరం కూడ ఇంగ్లీషులోనే ఉన్నది.

తెలుగు తల్లుల బిడ్డలయిన ఈ ముగ్గురూ తమ చదువును గూర్చి, తమ ఎదుగుదలను గూర్చి చెప్పదలచినప్పుడు ఇంగ్లీషును ఆశ్రయించినారు. వారిని తప్పుపట్టడానికి వీలు లేదు. తరగతి గదిలో కలిగిన అనుభవానికి ఆ గదిలోని భాషే సులువుగా నోటికి వస్తుంది. కాని తెలుగు నవల విద్యార్థి భాషను సకాలంలో మచ్చిక చేసుకొని ఉంటే ఆ అనుభవానికి తెలుగులో ఒక దారి పడి ఉండేది. దారి లేని చోట ప్రతివాడూ కొత్తగా అడవి కొట్టుకోవలసి వస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. కళాశాల జీవితం మీద నవల వ్రాయడం పాశ్చాత్యుల ఆచారమనీ, తెలుగువారికి కుటుంబమే విశ్వవిద్యాలయమనీ కొందరు అంటారు. నన్నయ నాటి శిష్యుల కథలు ఈ వాదానికి సమాధానం. పోతన ప్రహ్లాదుడు చండామార్కుల బడిలో తోటి దైత్యబాలురను కూర్చోబెట్టుకొని వేరే పాఠం చెప్పిన ఘట్టం మరొక సమాధానం. గురువు చెప్పే చదువు ఒకటి, శిష్యుడు నేర్చే చదువు ఒకటి అనే ఎరుక ఈ నేలకు కొత్త కాదు. ఇంకొక ఆక్షేపణ కూడ ఉన్నది. కళాశాలకు పోగలిగినవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది కథ సంఘం కథ ఎట్లా అవుతుందని అడగవచ్చును. 1930లలో ఈ ప్రశ్నకు బలం ఉన్నది. ఇప్పుడు లేదు. ఇంటిలో అక్షరం నేర్చిన మొదటి తరం పిల్లలు నేడు డిగ్రీ కళాశాలలలో, ఇంజనీరింగు కళాశాలలలో, సంక్షేమ హాస్టళ్ళలో ఉన్నారు. ఒకప్పుడు పేదవిద్యార్థి రోజుకొక ఇంట వారాలు చేసుకొని చదువుకొనేవాడు. అన్నం పెట్టిన ఇల్లాలి మాట, వడ్డించే తీరు అతని మనస్సు మీద చెరగని ముద్ర వేసేవి. వారాల ముద్దకు అర్హత లేని కులాల పిల్లలకు ఆ గడప కూడ తెరుచుకోలేదు. ఈనాడు వారి మనుమలు, మనుమరాండ్రు ఫీజు రీయింబర్సుమెంటు కాగితాలతో కాలేజీ ఆఫీసు కిటికీ ముందు నిలబడుతున్నారు. ఆ వరుసలో ఒక నవలకు సరిపడే చరిత్ర ఉన్నది.

నేటి విద్యార్థి కచుని స్థితికి మరింత దగ్గరయినాడు. పదవ తరగతి ముగియకముందే అతని లక్ష్యం ఇంటిలో నిర్ణయమవుతున్నది. ఇంటర్మీడియట్ రెండేండ్లు ఇంజనీరింగు, వైద్య ప్రవేశపరీక్షల సాధనలో, ఉదయం నుంచి రాత్రి దాకా గంటలు లెక్కపెట్టే వసతి కళాశాలలలో గడిచిపోతున్నవి. ఆ పైన అమెరికా. పోటీ పెట్టే భాషాభిరంజని సంఘం, సాయంత్రం తలుపు తెరిచి ఉంచే గురువు, చర్చకు కూర్చునే చెట్టు నీడ ఆ రెండేండ్లలో ఎక్కడ ఉన్నవో వెదకవలసి వస్తున్నది. అయినా పదిహేనేండ్ల పిల్లలు నాలుగు వందలమంది ఒక భవనంలో ఉంటే అనుభవం పుట్టకుండా ఉండదు. ఆ వయస్సులో స్నేహం పుడుతుంది, అసూయ పుడుతుంది, ఒక పాఠం మీద ఊహించని ప్రేమ పుడుతుంది. ఇంటివారు పెట్టిన లక్ష్యం తనది కాదనే గ్రహింపు ఒక అర్ధరాత్రి పుడుతుంది. ఆ గ్రహింపును ఎవరితో చెప్పుకోవలెనో తెలియని పిల్లవాడు కొన్నిసార్లు బ్రతుకునే వదులుకొంటున్నాడు. పరీక్షాఫలితాల ఋతువులో పత్రికలు అచ్చువేసే ఆ వార్తలకు రెండు పంక్తులకు మించి చోటు దొరకదు. ఆ రెండు పంక్తులకు ముందు జరిగిన రెండేండ్లను చెప్పడం నవల పని.

ఆ పని చేయబూనిన రచయితకు పూర్వుల లోపాలే పాఠాలు. నాయకుడు మొదటి ప్రకరణంలోనే సర్వగుణసంపన్నుడు కారాదు. పాఠకుని ఎదుటనే తప్పు చేసి, నేర్చి, మారవలెను. చదువు మంచిదా చెడ్డదా అనే తీర్పును చివరి దాకా దూరంగా ఉంచవలెను. ఫీజు ఎంత, అది ఎక్కడి నుంచి వచ్చినది, ఏ పొలం తాకట్టు పడినది అనే లెక్కను కుటుంబరావుగారి వలె నిర్మొగమాటంగా వేయవలెను. కాలేజీలోపలి మనుషులను, ఆ గోడ బయట ఉండిపోయిన అక్కచెల్లెండ్లతో, స్నేహితులతో శ్రీదేవిగారి వలె కొలవవలెను. అన్నిటికంటె ముఖ్యంగా, మెస్సులో, బస్సులో, ప్రయోగశాలలో విద్యార్థులు మాట్లాడే మాటను ఉన్నది ఉన్నట్లు వినవలెను. ఆ మాటను వినే చెవి గురజాడవారికి ఉన్నది. ఆ చెవిని ఆయన విజయనగరంలో తన విద్యార్థుల మధ్యనే సంపాదించుకొన్నారు.

తెలుగు రచయితలకు కళాశాల ఇచ్చినది తక్కువ కాదు. కావ్యం ఇచ్చినది, వచనానికి భాష ఇచ్చినది, గురువులను, స్నేహితులను, ధిక్కారాన్ని కూడ ఇచ్చినది. నూరేండ్లకు పైబడిన ఈ ఋణంలో ‘చదువు’, ‘కాలాతీత వ్యక్తులు’ వంటి కొద్ది రచనలు మాత్రమే ఇంతవరకు జమపడినవి. దేవతలు పంపగా వచ్చి, శుక్రుని ఇంట ఏండ్ల తరబడి ఉండి, చచ్చి బ్రతికిన కచుని మనస్సులో ఏమి జరిగినదో నన్నయకు తెలుసు. ఈనాటి హాస్టలు గదిలో పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాని మనస్సులో, పిల్ల మనస్సులో ఏమి జరుగుతున్నదో తెలుగు నవల ఇంకా తెలుసుకోవలసి ఉన్నది.